వాసన లేని అప్ప

1

తూర్పు గాలి, నెమ్మదిగా. కిటికీలన్నీ తెరిచాను.

ఈ రోజు నుంచి చిట్టా రాయమని కూర్మారావు మాస్టారి ఆజ్ఞ. ముందు గాలి రాయాలి, తరువాత ఆ రోజు సంగతి రాయాలి. మృగశిర కార్తె దాటాక పెద్ద పరీక్ష ఉంది. తక్కిన పిల్లలంతా పరీక్షలో పరిమళాలు కలుపుతారు. వాన గురించి చెప్పమంటే వాన వాసన కలిపి సీసాలో పోసి ఇస్తారు, కోపం గురించి చెప్పమంటే కోపం. నాకు మాత్రం కాగితం ఇస్తారు. ఈ ఊళ్ళో తెలుగులో పరీక్ష రాసేదాన్ని నేనొక్కర్తినే. దిద్దేది ఆయనొక్కరే.

"నువ్వు తప్పేవంటే నా ఉద్యోగానికి కూడా నీళ్ళొదులుకోవాలి నూకాలమ్మా," అన్నారు తీగ మీద. "నా అన్నం నీ చేతిలో ఉంది. కొంచెం చూసి రాయి."

తీగ అంటే గాలిమిద్ద నుంచి బడికి ఉన్న పాత మాటల తీగ. గాలిమిద్ద అంటే నేనుండే ఇల్లు. ఊరి తూర్పు కొసన, సముద్రంలోకి పొడుచుకుని వచ్చిన రాతి గుట్ట మీద, ఒకప్పుడు గాలిని కొలిచేవాళ్ళు కట్టుకున్న రెండు గదులు. మిద్దె మీద గిన్నెల గాలిమర ఇంకా తిరుగుతూనే ఉంటుంది. సముద్రపు గాలి వీస్తే అన్నీ తెరుస్తాను. ఊరి గాలి వీస్తే అన్నీ మూసి, తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కి, గాలిని వడగట్టే బొగ్గుపెట్టె ముందు ఫ్యాను పెట్టుకుని కూర్చుంటాను.

రాయడానికి కాగితాలు వారం నుంచి దండెం మీద ఆరుతున్నాయి. కొత్త కాగితానికి ఒక ఘాటు ఉంటుంది, అది పోయే దాకా ముట్టుకోలేను. ఈ కాగితం బాగానే ఆరింది. చదవడానికి మాస్టారు పాత నిఘంటువును విడదీసి కొన్ని పుటలు పంపారు. వాటిని కూడా ఎండలో వేశాను. గుడ్డలూ మాటలూ ఒకే దండెం మీద ఊగుతుంటే చూడడానికి బాగుంది.

2

తూర్పు గాలి. మధ్యాహ్నం ఆగిపోయింది.

అప్ప వచ్చింది. అప్పను గురించి రాయాలి.

మా అప్ప పేరు పైడమ్మ, నాకు సొంత అక్క. అమ్మానాన్నలు తుఫానులో పోయాక మేమిద్దరమే మిగిలాం. అప్ప ఇదివరకు వీధి గొట్టాల కేంద్రంలో పరిమళాలు కలిపేది. పొద్దున నిమ్మాకు వాసన వదిలితే కుళాయి వచ్చిందని ఊరికి తెలుస్తుంది. వేయించిన జీలకర్ర వాసన వస్తే బడి మొదలైందని. తుఫాను వస్తోందంటే కాలిన వెల్లుల్లి. ఇవన్నీ అప్ప చెబితే తెలిసినవే, నేను పీల్చినవి కావు. పీలిస్తే గొంతు మూసుకుపోతుంది, పెదవులు నీలంగా మారతాయి.

అయిదేళ్ళు నిండిన పిల్లలందరికీ కడియం తొడుగుతారు. ఎవరి కడియం వాసన వారిది. దాన్ని బట్టే తలుపులు తెరుచుకుంటాయి, దుకాణంలో సరుకులిస్తారు, ఎదురుపడ్డవాళ్ళు పలకరిస్తారు. అప్ప వాసన మొగలిపువ్వు, దాని అడుగున కాస్త ఉప్పుచేప. మొగలి అమ్మ కోరిందట, ఉప్పుచేప నాన్న సరదాకి వేయించాడట. నాకు తొడిగిన రోజున నేను పందిట్లోనే పడిపోయానట. అందుకే నాకు ఊళ్ళో ఏ తలుపూ తెరుచుకోదు.

నన్ను గాలిమిద్దకు తెచ్చాక, నా దగ్గరకు రావడానికి అప్ప కడియం తీసేసింది. మౌనం పూసుకోవడం మొదలుపెట్టింది. మౌనం అంటే వాసనలు తుడిచేసే మందు. ఆరోగ్య కచేరీవాళ్ళే ఇస్తారు, నాలాంటివాళ్ళను చూసుకునేవాళ్ళకు. అది ఒకసారి ఒంటికి పట్టిస్తే మనిషికి ఏ వాసనా ఉండదు. ముక్కు కూడా మొద్దుబారుతుంది. ముక్కు లేనివాళ్ళకు గొట్టాల కేంద్రంలో పనేముంటుంది? అప్ప ఇప్పుడు ఐసు గిడ్డంగిలో చేపల పెట్టెలు మోస్తోంది. తన ఇంటి తలుపు తనకే తెరుచుకోదు, పక్కింటివాళ్ళను బతిమాలుకోవాలి.

ఇవన్నీ తనే నవ్వుతూ చెబుతుంది. ఈ రోజు ఉడికించిన చిలగడదుంపలు తెచ్చింది. ఎండ పొయ్యి మీదే ఉడికించిందట, కట్టెల పొగ తగలనివ్వలేదట. పక్కన కూర్చుని నా జుట్టు చిక్కు తీసింది. వెళ్ళిపోయాక సాయంత్రం దాకా దగ్గాను. గాలి ఆగిపోయినందువల్ల కావచ్చు.

3

తూర్పు గాలి, చెదురుమదురుగా.

ఈ రోజు కచేరీ నుంచి కామేశ్వరి గారు వచ్చారు. ఆవిడ ఎప్పుడూ లోపలికి రారు. కిటికీ అవతల నిలబడి, పొడుగు కర్రకు కట్టిన గాజు గొట్టం అందిస్తారు. అందులో తేలికైన పసుపు బంతి ఉంటుంది. గొట్టంలోకి ఊదాలి. గొట్టం నడుమన ఎర్ర గీత ఉంది. నా బంతి పోయిన కార్తెలో ఆ గీత మీద నిలబడింది. ఈ సారి దాని కింద ఊగులాడి పడిపోయింది.

మళ్ళీ ఊదమన్నారు. మళ్ళీ అంతే.

పడమటి గాలులు మొదలయ్యేలోగా బంతి గీత దాటకపోతే నన్ను కొండ కేంద్రానికి పంపడం తప్పదన్నారు. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కో గాజు గది ఉంటుంది. అన్నం గోడ సందులోంచి వస్తుంది. చూడ్డానికి ఎవరినీ రానివ్వరు. ఎన్నాళ్ళని అడిగాను. ఆవిడ గొట్టం తుడుచుకుంటూ, వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదనీ, ఎందుకంటే అక్కడ బాగానే ఉంటారనీ చెప్పారు. ఆ రెండో మాట మొదటి మాటకు అతుకు వేసినట్టుంది.

సాయంత్రం అప్ప వస్తే ఈ సంగతి చెప్పాను. రేపటి నుంచి రోజూ వస్తానంది. తిండి సరిగా పడక బలం తగ్గిపోయిందని తన అనుమానం.

4

తూర్పు గాలి. మంచి గాలి. అయినా బాగా లేదు.

అప్ప రోజూ వస్తోంది. కొబ్బరి కోరు, రాగి జావ, ఆవిరి మీద ఉడికిన గుమ్మడి ముక్కలు. వచ్చే ముందు మౌనం రెండు పూతలు వేసుకుంటున్నానని చెప్పింది, జాగ్రత్త కోసం. నా పక్కనే కూర్చుని తినిపిస్తోంది. నాకు సిగ్గుగా ఉన్నా తింటున్నాను.

బలం రావడం లేదు. పొద్దున లేచేసరికి చేతి వేళ్ళు తిమ్మిరిగా ఉంటున్నాయి. నిఘంటువు పుట తిప్పడానికి కూడా ఆయాసం.

పుటల్లో ఈ రోజు వాసనల మాటలు దొరికాయి. కమురు: వెంట్రుకలు గానీ నూనె గానీ మాడినప్పటి వాసన. కనరు: పచ్చి ఆకు నలిపినప్పటిది. ముక్క: నిలవ బియ్యానిది. నీచు: చేపది. తావి: పువ్వుది. ఎన్ని ఉన్నాయో. ఊళ్ళోవాళ్ళకు ఈ వాసనలన్నీ తెలుసు గానీ పేర్లు మరిచిపోయారని మాస్టారు అంటారు. ఉత్తరానికి బదులు పరిమళపు చీటీ పంపుకునేవాళ్ళకు పేర్లతో పనేమిటి? నా దగ్గర పేర్లు ఉన్నాయి. ఖాళీ డబ్బాల మీద అతికించిన చీటీల్లాగా వాటిని వరసగా పెట్టుకుని చూసుకుంటాను.

మాస్టారితో ఈ మాట చెప్పాను. "నువ్వలా అంటే నాకు ఏడుపొస్తుందమ్మా. పోనీ ఇంకో పుట పంపుతాను," అన్నారు.

5

గాలి లేదు. సముద్రం నూనె పోసినట్టుంది.

ఊళ్ళో ఏదో ఉత్సవం. మిద్దె మీద నుంచి దుర్భిణిలో చూశాను. వీధి చివర గొట్టాల మూతలన్నీ తీసి పెట్టారు. జనం వాటి కింద తల ఎత్తుకుని నిలబడి ఉన్నారు, వానలో నిలబడ్డట్టు. ఒకరినొకరు మణికట్లు చూపించుకుంటున్నారు, నవ్వుతున్నారు. ఎవరూ ఏమీ మాట్లాడుకోవడం లేదు. అందరికీ ఒకేసారి ఏదో తెలిసిపోయి, ఒకేసారి మొహాలు మారిపోయాయి. అది సంతోషమో, ఎవరినైనా తలుచుకోవడమో నాకు తెలియలేదు.

అప్ప కూడా ఆ గుంపులో ఉంది. అంచున, ఒక్కతే. తన మొహం మారలేదు. పక్కవాళ్ళు తనని చూడకుండా తన మీదుగా చూస్తున్నారు. వాసన లేని మనిషి వాళ్ళకు ఖాళీ చోటులాంటిది.

దుర్భిణి దించేశాను. మా ఇద్దరి కోసం ఒక మాట వెతికాను. దొరికింది గానీ రాయను.

6

తూర్పు గాలి, జోరుగా.

ఇది జాగ్రత్తగా రాయాలి.

నిన్న అప్పకు గిడ్డంగిలో తొందర పని పడి, బేగి వెళ్ళిపోయింది. పోతూ పోతూ భుజం మీది తుండుగుడ్డ నా మంచం మీద మరిచిపోయింది. ఈ రోజు రాలేదు. పడవలు ఎక్కువ వచ్చాయని మాస్టారు కబురు చెప్పారు. నాకు తోచలేదు. భోజనం అయ్యాక ఆ గుడ్డను మొహం మీద కప్పుకుని పడుకున్నాను. తనకు వాసన లేదని తెలుసు. అయినా తన గుడ్డ కదా.

ఊపిరి ఆగిపోయి మెలకువ వచ్చింది. గదిలో ఎండ నిండుగా ఉంది, కిటికీలు తెరిచి ఉన్నాయి, సముద్రపు గాలి తెరలను ఎగరేస్తోంది. నాకు మాత్రం గాలి లోపలికి పోవడం లేదు. ఎలాగో గుమ్మం దాకా పాకి, రాతి మీద బోర్లా పడుకుని ఊపిరి పీల్చుకున్నాను. అద్దంలో చూసుకుంటే ముక్కు చుట్టూ, గుడ్డ తగిలిన చోటల్లా ఎర్రటి దద్దుర్లు.

గుడ్డను కర్రతో ఎత్తి బయట పడేశాను. తరువాత చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. అది తెల్లగా, ఏ వాసనా లేకుండా, రాతి మీద పడి ఉంది.

7

తూర్పు గాలి.

మౌనమే నాకు పడడం లేదేమోనని ముందు మాస్టారితో చెప్పాను. ఆయన వెంటనే నమ్మలేదు, నమ్మననీ అనలేదు. అప్ప వచ్చిన రోజు ఎలా ఉంటోంది, రాని రోజు ఎలా ఉంటోంది అని మెల్లగా అడిగారు. అప్ప రోజూ రావడం మొదలుపెట్టాకే నాకు జబ్బు పెరిగిందని చెప్పాను.

కామేశ్వరి గారితో ఆయనే మాట్లాడారు. ఆవిడ జవాబు నాకు తీగ మీద అలాగే వినిపించారు. మౌనం నాలాంటివాళ్ళ కోసమే చేసిన మందు. అందులో పడని వాసనేదీ లేదు, అసలు వాసనే లేదు. వాసన లేనిది మనిషికి పడకపోవడమంటూ ఉండదు. పిల్ల ఒంటరిగా ఉండి ఉండి ఏవేవో ఊహించుకుంటోంది. కొండ కేంద్రంలో అలాంటి ఊహలకు కూడా వైద్యం ఉంది.

"మీరేమంటారు మాస్టారూ?" అని అడిగాను.

"నా ముక్కుకు ఏటీ తెలీదమ్మా. నీ ఊపిరి నీకు తెలుస్తుంది. కానీ ఈ మాట పైడమ్మకు చెప్పాలంటే, నేనైతే ముందు కూచోబెట్టి చెబుతాను."

అప్ప ఈ రోజు వచ్చింది. చదువుకోవాలని చెప్పి, అన్నం కిటికీ లోంచి అందుకున్నాను. గిన్నె చేతికిచ్చి అక్కడే నిలబడింది. రేపు జుట్టు దువ్వుతానంది. రేపు కూడా చదువుందని చెప్పాను. తను వెళుతూ వెనక్కి తిరిగి చూస్తుందని తెలిసి తల దించుకున్నాను.

8

తూర్పు గాలి తగ్గుతోంది. రోహిణి కార్తె ఎండ.

చెప్పేశాను. కూర్చోబెట్టి చెప్పాను. తను బయట రాతి మీద, నేను కిటికీ లోపల.

అప్ప ముందు నవ్వింది. "దానికి వాసనే లేదు గదే."

"వాసన లేదు. అయినా పడట్లేదు."

"వాసన లేంది ఎలగ పడదు? ఊళ్ళో ఎవర్నయినా పిలిచి చూడమను. నా ఒంటిమీద ఈగ కూడా వాలదు."

తుండుగుడ్డ సంగతి చెప్పాను. దద్దుర్లు చూపించాను. తను దగ్గరకు వచ్చి నా మొహం పట్టుకోబోయింది. నేను వెనక్కి తగ్గాను. తగ్గాలనుకోలేదు, ఒళ్ళు తగ్గిపోయింది. తన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"నీ కోసవే కదే గుంటా ఇదంతా," అంది అప్ప. అరవలేదు. "ముక్కు పోగొట్టుకున్నాను. కడియం ఒగ్గీసాను. నా గుమ్మం నాకు తెరుచుకోదు. ఇప్పుడు నానే నీకు ఇషవనంటావా?"

"నువ్వు కాదప్పా. అది."

"అదీ నానూ ఒకటే అయిపోనాం ఇప్పుడు. ఇడదీసి ఎవడు చూపిస్తాడు నీకు?"

మౌనం మానేసి రమ్మన్నాను. తను నన్ను వింతగా చూసింది. మానేస్తే మిగిలేది పచ్చి వాసన. కడియం లేకుండా, మౌనం లేకుండా ఊళ్ళో తిరగడమంటే బట్టల్లేకుండా తిరగడమే. పచ్చిగా తిరుగుతున్నావేంటని ఒకరినొకరు తిట్టుకుంటారు. అదొక తిట్టు. ఊళ్ళోంచి గాలిమిద్దకు బజారు వీధి మీదుగా తప్ప వేరే దారి లేదు. అదీగాక ఒంట్లో పట్టిన మౌనం ఒకటి రెండు రోజుల్లో పోదు. పోయేదాకా తను నా దగ్గరకు రాకూడదు. కడియం తొడుక్కుంటే ఆ వాసన ఒంటికి పట్టి ఉండిపోతుంది కనుక, అన్నాళ్ళూ ఊళ్ళో పచ్చిగానే బతకాలి.

ఇవన్నీ నాకు తెలిసే అడిగాను. నా దగ్గర రుజువేమీ లేదని కూడా తెలుసు. నా మాటే ఉంది.

అప్ప గిన్నె కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది. ఈ సారి వెనక్కి తిరగలేదు.

9

గాలి ఎటూ తేల్చుకోలేకపోతోంది. గాలిమర కాసేపు అటు, కాసేపు ఇటు.

అప్ప రావడం లేదు. మాస్టారు ఎవరి చేతనో అటుకులు, బెల్లం గుట్ట కింద పెట్టిస్తున్నారు. వాళ్ళు వెళ్ళిపోయాక దిగి, సంచిని ఎండలో పెట్టి, తరువాత తెచ్చుకుంటున్నాను.

దగ్గు తగ్గింది. వేళ్ళ తిమ్మిరి పోయింది. మెట్లెక్కినా ఆయాసం లేదు. నిన్న దండెం మీది పుటలన్నీ ఒక్క ఊపున చదివేశాను.

దీనికి సంతోషించాలి. కానీ పొద్దున్నే లేచి బాగున్నానని తెలియగానే నాకు భయం వేస్తోంది. ఎవరూ రాకపోవడమే నాకు మందైతే, కొండ కేంద్రం గురించి కచేరీవాళ్ళు చెప్పేది నిజమే కదా. గాజు గదిలో నేను నిజంగానే బాగుంటాను. చాలా కాలం బాగుంటాను.

ఈ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. మాస్టారికి జ్వరమట. సాయంత్రం పెద్దగా నిఘంటువు చదివాను, ఇంట్లో ఒక గొంతు ఉండాలని. గూటి దగ్గర తిరిగే బల్లి తల ఎత్తి చూసింది. దానికి కొన్ని మాటలు నచ్చినట్టున్నాయి.

10

గాలి ఇంకా తేల్చుకోలేదు.

మాస్టారు లేచారు. అప్ప సంగతి చెప్పారు. ఎలా చెప్పాలో తెలియక చాలాసేపు పరీక్ష గురించి, అటుకుల గురించి మాట్లాడి, చివరకు చెప్పారు.

అప్ప ఆ రోజు ఇంటికి పోయి మౌనం సీసా సముద్రంలో పోసేసిందట. కడియం తొడుక్కోలేదట. ఉప్పునీళ్ళతో స్నానం చేసి మామూలుగా పనికి పోయిందట. గిడ్డంగివాళ్ళు లోపలికి రానివ్వలేదు. దుకాణంలో సరుకులివ్వలేదు. పక్కింటివాళ్ళు తలుపు తీయడం మానేస్తే, తెప్పల దగ్గర చుట్టిపెట్టిన వలల మీద పడుకుంటోందట. పిల్లలు ముక్కులు మూసుకుని వెంటపడుతుంటే, "దా, దగ్గరికొచ్చి పీల్చు, మీ అమ్మ కూడా లోపల ఇదే," అందట. నవ్వాలో ఏడవాలో తెలియక మాస్టారు ఆ మాట రెండుసార్లు చెప్పారు.

"నేను ఎదురుపడ్డానమ్మా," అన్నారు. "అబద్ధం చెప్పను, నేనూ రెండడుగులు వెనక్కేసేను. తరవాత సిగ్గేసి ముందుకెళ్ళేను. నీతో ఏవన్నా చెప్పాలా అని అడిగేను."

"ఏమంది?"

"ఏటీ చెప్పొద్దంది. ఒంట్లోంచి ఆ మందు పోయిందని తనకి నమ్మకం కుదిరేక తనే వస్తాదట. ముందే చెబితే నువ్వు ఎదురుచూస్తావనీ, ఎదురుచూస్తే నీకు తిండి దిగదనీ అంది. మరి నేను చెప్పీసేను. ఏం చెయ్యను, మాటలు నా వృత్తి."

తీగ పెట్టేశాక గుమ్మంలో కూర్చున్నాను. అప్పకు నేను ఏ రుజువూ ఇవ్వలేదు. కచేరీ నమ్మలేదు, ముక్కులున్న ఊరంతా నమ్మదు. తన ముక్కుతో తను తెలుసుకునే వీలు కూడా లేదు. ఊరికే నమ్మింది.

11

గాలి లేదు. మబ్బు పట్టింది.

అటుకులు ఉన్నా తినలేదు. తను చెప్పింది నిజమే.

ఇల్లంతా కడిగాను. తను కూర్చునే పీటను ఎండ పెట్టాను. ఒక భయం వదలడం లేదు. ఒకవేళ నాది పొరపాటైతే? మౌనం కాకుండా ఆ గుడ్డలో ఇంకేదైనా ఉంటే? పచ్చి మనిషి వాసన కూడా నాకు పడకపోతే? నేనింతవరకు ఏ మనిషినీ పీల్చలేదు. నా వాసన నాకు తెలియదు, రోజూ ఉండేది కాబట్టి. అప్ప ఇల్లు, పని, పరువు అన్నీ వదులుకుని వచ్చి, నా పక్కన కూర్చుంటే నాకు మళ్ళీ ఊపిరి ఆగిపోతే, తనకి వెళ్ళడానికి ఎక్కడా చోటుండదు. నాకు మాత్రం కొండ కేంద్రం ఉంటుంది.

మబ్బు పడమటి నుంచి వస్తోంది.

12

పొద్దున పడమటి గాలి మొదలైంది. అన్నీ మూసి రాస్తున్నాను.

అప్ప గాలికంటే కాస్త ముందు వచ్చింది. గుట్ట ఎక్కుతుంటే మిద్దె మీది నుంచి చూశాను. నల్లబడింది, చిక్కింది. జుట్టు ఉప్పునీళ్ళకు తాళ్ళలా అయింది. వెనకాలే కామేశ్వరి గారు, గాజు గొట్టం పట్టుకుని, పమిట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, బాగా దూరంగా నడుస్తున్నారు. ఈ రోజు నా బంతి చూసే రోజు.

అప్ప గుమ్మానికి అవతలే ఆగింది. తలుపు వెనక నేను నిలబడ్డాను.

"ఒలే గుంటా," అంది చివరికి. "లోపలికి రానిస్తావా, ఉప్పుచేపలాగ ఇక్కడే ఎండబెడతావా?"

తలుపు తీశాను.

ముందు ఊపిరి బిగబట్టాను. ఎంతసేపని బిగబడతాను? వదిలాను, పీల్చాను. గొంతు మూసుకోలేదు. మళ్ళీ పీల్చాను. అప్ప నా మొహాన్నే చూస్తోంది, పెదవులు నీలమవుతాయేమోనని. కావని తెలిశాక పీట మీద కూలబడింది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. తరువాత తల తన మెడ దగ్గర పెట్టాను.

కామేశ్వరి గారు కిటికీ అవతల నుంచి, వెంటనే ఊదొద్దన్నారు. ఆ మనిషి పక్కన చాలాసేపు కూర్చున్నాక ఊదాలట, అప్పుడే నిజం తేలుతుందట. నన్ను శిక్షించడానికి అన్నారో సాయం చేయడానికి అన్నారో తెలియదు. కూర్చున్నాం. అప్ప నా జుట్టు చిక్కు తీసింది. చేతివేళ్ళు వలలు బాగుచేసి గరుకెక్కాయి. తెప్పల మీద పడుకుంటే నక్షత్రాలు బాగా కనబడతాయనీ, దోమలు మాత్రం పచ్చి మనిషికి కూడా మర్యాద చేస్తాయనీ చెప్పింది.

తరువాత ఊదాను. పసుపు బంతి లేచి, గీత దగ్గర ఒక్క క్షణం తటపటాయించి, దాటింది. ఎక్కువ దాటలేదు. దాటింది.

ఆవిడ చాలాసేపు గొట్టాన్నే చూశారు. "ఇది నా లెక్కల్లో ఎలా రాయాలో నాకు తెలియడం లేదు," అన్నారు. చూసింది చూసినట్టు రాయమని చెప్పాను. నా వయసు పిల్ల ఆవిడకు అలా చెప్పడం తప్పేమో. ఆవిడ మళ్ళీ కార్తెకు వస్తానని చెప్పి, ముక్కుకు అడ్డం తీయకుండానే దిగిపోయారు. గాజు గది ప్రస్తావన తేలేదు.

గాలి పూర్తిగా పడమరకు తిరిగింది. అప్పా నేనూ కిటికీలు మూశాం, సందుల్లో తడిగుడ్డలు కుక్కాం. ఇక ఈ కార్తె అంతా బయటకు పోవడం కుదరదు. ఊళ్ళో తనకు ఇల్లు లేదు, పని లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఎత్తలేదు. తను బొగ్గుపెట్టె ముందు ఫ్యాను తిప్పి, పాత పొయ్యి దగ్గర ఏముందో వెతుకుతోంది.

మాస్టారు తీగ మీద, ఈ రోజు ఏ మాట పట్టుకున్నావని అడిగారు. అప్ప వాసన గురించి చెప్పాను. అందులో చెమట ఉంది, ఉప్పు ఉంది, ఎండకు కాగిన జుట్టు ఉంది. నీచు ఉంది, అది ఇన్నాళ్ళకు నాకు తెలిసింది, డబ్బాలో వస్తువు పడింది. కానీ వీటన్నిటి అడుగున ఇంకొకటి ఉంది. వెచ్చగా, కొంచెం పుల్లగా, కొంచెం నా దిండులాగా. దానికి మాట కోసం నా దగ్గరున్న పుటలన్నీ వెతికాననీ దొరకలేదనీ చెప్పాను. పరీక్షలో ఇది అడిగితే తప్పుతాననీ చెప్పాను.

"అడగనులే," అన్నారు మాస్టారు. "పోయి అన్నం తిను."

గది చిన్నది. కిటికీలు మూస్తే ఇదివరకు తడిగుడ్డా బొగ్గూ తప్ప ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు మంచం మీద, పుటల మధ్య, నా చేతుల మీద కూడా ఆ వాసన ఉంది.

పడమటి గాలి, జోరుగా. ఇంట్లో ఇద్దరం ఉన్నాం.